ఇంజను తాగే సారా

టర్బో ఉన్న పెట్రోలు ఇంజనులోకి పోయే గాలిలో నీళ్లు, ఆల్కహాలు కలిపిన ద్రవాన్ని సన్నటి తుంపరగా చిమ్మే ఏర్పాటే ఆల్కహాల్ ఇంజెక్షన్. ఇది ఇంధనానికి బదులు కాదు. పెట్రోలు చేసే పని పెట్రోలే చేస్తుంది. తుంపర పని రెండు రకాలు: గాలిని చల్లబరచడం, సిలిండరులో గాలి-పెట్రోలు మిశ్రమం వేళ కాని వేళ పేలకుండా ఆపడం. షెడ్డుల్లో మెకానిక్కులు “ఇంజను కొడుతోంది” అనే చప్పుడు ఆ పేలుడిదే. ముదిరితే పిస్టను కరుగుతుంది, రింగులు విరుగుతాయి, హెడ్డు గ్యాస్కెట్టు పోతుంది.

ఎండకూ ఈ చప్పుడుకూ సంబంధం దగ్గరిది. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతంలో వేసవి మధ్యాహ్నం నీడలోనే 44 డిగ్రీలు కావడం వింతేమీ కాదు. అంత వేడిలో గాలి పలచబడుతుంది. 15 డిగ్రీల గాలితో పోలిస్తే అదే ఘనపరిమాణంలో 9 శాతం దాకా తక్కువ గాలి ఉంటుంది. టర్బో ఆ గాలిని ఒత్తి లోటు తీరుస్తుంది, కానీ ఒత్తిన గాలి ఇంకా వేడెక్కుతుంది. 44 డిగ్రీల గాలిని 1.7 రెట్లు ఒత్తితే టర్బో మూతి దగ్గర అది 115 డిగ్రీలు దాటుతుంది. ఒత్తిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉన్నా, దాని మీదుగా వీచేది కూడా 44 డిగ్రీల వడగాలే కదా. చలిదేశంలో లెక్క కట్టిన ఇంజను ఇక్కడ కొట్టడం మొదలుపెట్టేది ఇందువల్లే. ఈ రోజుల్లో కారులోని కంప్యూటరు ముందే పసిగట్టి శక్తి తగ్గించేస్తుంది. బండి నడిపేవాళ్లకు తెలిసేది “ఎండలో లాగడం లేదు” అన్న సంగతి ఒక్కటే.

తుంపర చేసేది మట్టికుండలో నీళ్లు చల్లబడే పనే. ద్రవం ఆవిరి కావాలంటే చుట్టూ ఉన్న వేడిని పీల్చుకోవాలి. కిలో పెట్రోలు ఆవిరి కావడానికి సుమారు 350 కిలోజౌళ్ల వేడి పడుతుంది. ఇథనాల్‌కు 850 పైన, మిథనాల్‌కు 1,100, నీటికి 2,250 పైచిలుకు. చల్లబరచడంలో నీటిని మించింది వీటిలో లేదు. అలాంటప్పుడు ఆల్కహాలు ఎందుకు కలిసిందన్న ప్రశ్న ఈ చరిత్రకంతటికీ మూలం. జవాబు చాలామటుకు చలిలో ఉంది.

మొదట వాడింది ఉత్త నీళ్లే. 1890లలో హంగరీ ఇంజనీరు దొనాత్ బాంకి సిలిండరులోకి నీళ్లు చిమ్మి, అప్పటికి ఎవరూ సాహసించనంత ఒత్తిడి మీద ఇంజను నడిపి చూపించాడు. 1913లో ఇంగ్లండులో బెర్ట్రమ్ హాప్కిన్సన్ గ్యాసు ఇంజన్లను లోపలి నుంచే నీటితో చల్లబరిచే పద్ధతి గురించి రాశాడు. పండితుల దాకా పోకుండానే ఈ కిటుకు మిల్లుల్లోకి వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ 1902 ప్రాంతం నుంచి బావుల మీద ఆయిలింజన్లు పెట్టించే ప్రయత్నం చేశాడు. పత్తి, వేరుశనగ పండే దత్తమండలాల్లో జిన్నింగు మిల్లులకు, నూనె మిల్లులకు, తోటలకు ఆయిలింజను తర్వాతి దశాబ్దాల్లో అలవాటైన వస్తువు అయింది. ఆ కాలపు హాట్‌బల్బు ఇంజన్లలో చాలావాటికి నీటి చుక్కలు వదిలే చిన్న కొళాయి ఒకటి ఉండేది. బరువు పెరిగి ఇంజను కొట్టడం మొదలవగానే డ్రైవరు దాన్ని కొద్దిగా తిప్పేవాడు, చప్పుడు సద్దుమణిగేది. ఎంత తిప్పాలో పుస్తకంలో ఉండదు, చెవికే తెలియాలి. ఇప్పుడు ఎలక్ట్రానిక్ కంట్రోలరు చేసే పని ఆ చెవి చేసింది.

నీళ్లలోకి సారా వచ్చింది రెండో ప్రపంచ యుద్ధంలో. విమాన ఇంజన్లకు సూపర్‌చార్జర్లు పెట్టి గాలిని బలంగా ఒత్తేకొద్దీ కొట్టుడు పెరిగింది. కొట్టకుండా ఒత్తిడి తట్టుకునే మంచి ఆక్టేన్ పెట్రోలు ఉన్న అమెరికాకే అది సమస్య అయినప్పుడు, బొగ్గు నుంచి పెట్రోలు తయారు చేసుకుంటున్న జర్మనీ సంగతి చెప్పనక్కరలేదు. జర్మన్లు వాడిన ఎండబ్ల్యూ-50 అనే ద్రవంలో సగం మిథనాల్, దాదాపు మిగతా సగం నీళ్లు, అర శాతం తుప్పు పట్టకుండా కాపాడే నూనె. మెసర్‌ష్మిట్ 109లోని డైమ్లర్-బెంజ్ 605 ఇంజను దీనితో 1,475 నుంచి 1,800 అశ్వశక్తికి ఎగబాకింది. ఒక్క ఊపున పది నిమిషాలకు మించి వాడకూడదని నిబంధన. అమెరికాలో ప్రాట్ అండ్ విట్నీ ఆర్-2800 ఇంజనుకు ఇదే ఏర్పాటు చేసి, పేరు చివర నీటికి గుర్తుగా ‘డబ్ల్యూ’ అక్షరం తగిలించారు. కోర్సెయిర్ విమానంలోని 8-డబ్ల్యూ రకం 2,000 నుంచి 2,250కి పెరిగింది.

సగం మిథనాల్ ఎందుకంటే, పైకి పోయేకొద్దీ చలి. ఆరేడు కిలోమీటర్ల ఎత్తున ఉత్త నీళ్లు గొట్టంలోనే గడ్డకడతాయి. జర్మనీ శీతాకాలంలో అయితే నేల మీదే గడ్డకడతాయి. సగం సగం మిశ్రమం సున్నాకు నలభై డిగ్రీల దిగువన కూడా పారుతుంది. మిథనాల్‌కు సొంతంగా ఆక్టేన్ బలం ఉందన్నది నిజమే, అది తగులుతుందన్నదీ నిజమే. కానీ ట్యాంకులో దానికి చోటు దక్కడానికి పెద్ద కారణం గడ్డకట్టనివ్వని గుణం. ఆ కారణం యుద్ధం ముగిశాక అందరూ మరిచారు, పాళ్లు మాత్రం మిగిలాయి.

ప్రపంచంలో ఇంజన్లు ఇలా సారా తాగడానికి కొన్నేళ్ల ముందే కడప జిల్లాలో మనుషులకు సారా బందయింది. రాజాజీ మంత్రివర్గం 1937 అక్టోబరు 1న సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టి, సరిగ్గా ఏడాదికి, 1938 అక్టోబరు 1న, చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. తెలుగు జిల్లాల్లో మొదట ఎండినవి ఈ రెండే. పోయిన ఎక్సైజు రాబడిని పూడ్చడానికి 1939లో ప్రెసిడెన్సీలో అమ్మకం పన్ను పుట్టింది. ప్రొద్దుటూరు వర్తకులు గుమాస్తాల చేత లెక్కలు రాయించి కట్టాల్సి వచ్చిన ఆ పన్నుకు మూలం కల్లు దుకాణం మూతపడటమే. యుద్ధకాలంలో నిషేధం సడలింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1948 నాటికి, ప్రెసిడెన్సీ అంతటా మళ్లీ బిగుసుకుంది. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది కూడా ఈ మద్యనిషేధం గొడవ మీదే.

1941లో పెట్రోలుకు రేషన్ వచ్చినప్పుడు తెలుగు జిల్లాల బస్సులు పట్టుకున్నది ఆల్కహాలు దారి కాదు, బొగ్గు దారి. బస్సు వెనక ఇనుప డ్రమ్ము కట్టి, అందులో బొగ్గు మండించి, వచ్చే గ్యాసుతో ఇంజను నడిపేవారు. బయలుదేరే ముందు క్లీనరు చెయ్యి నొప్పి పుట్టేదాకా తిప్పుడు ఫ్యాను తిప్పాలి. శక్తి మూడో వంతుకు పైగా పడిపోయేది. ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి నడవడం మామూలే. “బొగ్గు బస్సు” అన్న మాట పాతతరం నోట ఇప్పటికీ ఉంది.

సారాతో బండి నడపాలన్న ఆలోచన పక్కనున్న నిజాం రాజ్యంలోనే వేళ్లూనింది. అక్కడ మద్యనిషేధం లేదు, అడవుల నిండా ఇప్పచెట్లు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో గిల్బర్ట్ ఫౌలర్ బృందం ఇప్పపువ్వును ఎలా సేకరించాలి, ఎలా నిల్వ చేయాలి, దాని నుంచి పారిశ్రామిక ఆల్కహాలు ఎలా తీయాలి అన్నదాని మీద 1920లో పరిశోధన ప్రచురించింది. తర్వాత చెరకు వచ్చింది. బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మడ్డి నుంచి ఆల్కహాలు తీసింది. పెట్రోలులో ఆల్కహాలు కలపడానికి దేశం మొత్తానికి పవర్ ఆల్కహాల్ చట్టం 1948లో వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా మనిషి చేతికి సారా దూరమైన ఏడాదీ, దేశంలో ఇంజనుకు సారా పోయడానికి చట్టం వచ్చిన ఏడాదీ ఒకటే. ఆ చట్టం పెద్దగా ఫలించలేదు. మడ్డి ఆల్కహాలుకు రసాయన పరిశ్రమ, మద్యం మంచి ధర ఇస్తుంటే పెట్రోలులో పోసేదెవరు?

నీళ్లు-మిథనాల్ మిశ్రమం తెలుగునేల మీద నిజంగా పనిచేసిన చోటు కారు కాదు, విమానం. రోల్స్‌రాయిస్ డార్ట్ టర్బోప్రాప్ ఇంజనుకు ఎండలో శక్తి తగ్గే జబ్బు ఉంది. వేడి రోజున టేకాఫ్‌కు లోటు పూడ్చడానికి దానిలోకి నీళ్లు-మిథనాల్ చిమ్మేవారు. ఆ ఇంజన్లున్న ఆవ్రో 748 విమానాన్ని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కాన్పూరులో తయారు చేసింది. మొదటిది 1961 నవంబరు 1న ఎగిరింది, మొత్తం 89 కట్టారు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఆవ్రోలు, ఫోకర్లు బేగంపేట నుంచి మండుటెండలో లేచిన దశాబ్దాల్లో ఆ మిశ్రమానిదీ ఒక పాత్ర. అక్కడ మిథనాల్‌కు ఇంకో పని కూడా ఉంది: నీళ్లు చల్లార్చిన మంటకు అదే ఇంధనమై వేడిని నిలబెడుతుంది. విమానాశ్రయంలో మిశ్రమం నింపడం జీతమున్న మనిషి పని, పుస్తకంలో సంతకం పడే పని. అందుకే అది పనిచేసింది.

కారులోకి వచ్చేసరికి ఆ మనిషి లేడు. 1962లో అమెరికాలో జనరల్ మోటార్స్ ఒకే ఏడాది రెండు టర్బో కార్లు విడుదల చేసింది. షెవ్రొలే కోర్వెయిర్ తయారీదారులు కంప్రెషను తగ్గించి, టర్బో పెట్టి, సరిపెట్టుకున్నారు. ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ వాళ్లు సాహసించారు. 3.5 లీటర్ల వి-8 ఇంజనులో 10.25 కంప్రెషను అలాగే ఉంచి, 215 అశ్వశక్తి తీశారు. కొట్టుడును ఆపడానికి ‘టర్బో రాకెట్ ఫ్లూయిడ్’ అనే ద్రవం పెట్టారు. పేరు ఘనంగా ఉన్నా లోపల ఉన్నది డిస్టిల్డ్ వాటరు, మిథనాల్, తుప్పు మందు, అంతే. ఇంజనీర్లు జాగ్రత్తపరులే. ద్రవం అయిపోతే ప్రత్యేకమైన వాల్వు మూసుకుని టర్బో ఒత్తిడిని తగ్గించేది, ఇంజను బతికేది. కాకపోతే కారు మామూలు కారులా నడిచేది. కొన్నవాళ్లలో చాలామంది ద్రవం నింపడమే మానేశారు, తర్వాత కారు లాగడం లేదని షోరూముకు వచ్చారు. రెండేళ్లలో అమ్ముడైనవి పది వేల లోపు. 1965 నాటికి కంపెనీయే టర్బో ఊడదీసి మామూలు కార్బురేటరు బిగించి ఇవ్వడానికి ముందుకొచ్చింది. లోహంలో, లెక్కల్లో పెద్ద తప్పు లేని కారు అది. చేతి అలవాటును లెక్కలోకి తీసుకోకపోవడమే దాని తప్పు.

తర్వాతి తరం ద్రవం అవసరమే తగ్గించే దారి పట్టింది. స్వీడన్ కంపెనీ సాబ్ 1970ల చివర టర్బోను కుటుంబ కారులోకి తెచ్చి, 1980ల మొదట్లో కొట్టుడును చెవిలా వినే సెన్సరు పెట్టి, చప్పుడు రాగానే టర్బో ఒత్తిడి తగ్గించే ఏర్పాటు చేసింది. 1982 ప్రాంతంలో ఫార్ములా వన్‌లో రెనో, ఫెరారీ నీళ్లు వాడాయి. అది పందెం మాట. 1986, 87 సంవత్సరాల బ్యూయిక్ గ్రాండ్ నేషనల్ కార్ల చుట్టూ మాత్రం అమెరికాలో ఔత్సాహికుల వ్యాపకమే పెరిగింది. 3.8 లీటర్ల ఆ టర్బో వి-6కు ఇంట్లోనే పంపు, ట్యాంకు బిగించుకుని, బంకు పెట్రోలుతోనే రేసు పెట్రోలు శక్తి తీసే అలవాటు అక్కడిది. ఇప్పుడు పెట్టెలో దొరికే ఆల్కహాల్ కిట్టుకు తల్లి ఆ షెడ్డులే.

కడప ప్రాంతానికి టర్బో వచ్చింది పెట్రోలు మీద కాదు, డీజిల్ మీద. యర్రగుంట్ల సిమెంటు, జమ్మలమడుగు వైపు నాపరాళ్లు మోసే లారీలతో, తర్వాత జీపులు, సుమోలు, ఇన్నోవాలతో టర్బో అన్న మాట షెడ్డుల్లోకి వచ్చింది. డీజిలుకు ఈ రకం కొట్టుడు లేదు, కాబట్టి ఆల్కహాలు ఊసూ లేదు. పెట్రోలు టర్బో కార్లు దేశంలోకి ఒక్కొక్కటిగా వచ్చాయి: 2004 ప్రాంతంలో 150 అశ్వశక్తి స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, 2010లో ఫియట్ లీనియా టీ-జెట్, 2013లో ఫోక్స్‌వాగన్ పోలో జీటీ. ఆ తర్వాత లీటరు, 1.2 లీటర్ల చిన్న టర్బో ఇంజన్లు మామూలు కార్లలోనే రావడం మొదలైంది. ఇప్పుడు ప్రొద్దుటూరులో టర్బో పెట్రోలు కారు వింత కాదు.

కిట్టు బిగించే పద్ధతిలో యుద్ధకాలం నాటి రూపం ఇంకా కనిపిస్తుంది. ట్యాంకు డిక్కీలో పెట్టడం మేలు. బానెట్ కింద పెడితే ద్రవం ముందే కాగుతుంది. దాని నుంచి 10 నుంచి 14 బార్ల ఒత్తిడి ఇచ్చే డయాఫ్రమ్ పంపు, అక్కడి నుంచి గట్టి నైలాన్ గొట్టం, ఇంటర్‌కూలర్ దాటాక, థ్రాటిల్‌కు కాస్త ముందు నాజిలు. గాలి కొలిచే సెన్సరు మీద తుంపర పడకూడదు, పడితే కంప్యూటరుకు లెక్క తప్పుతుంది. గొట్టంలో సోలినాయిడ్ వాల్వు తప్పనిసరి. అది లేకపోతే పంపు ఆగినా ద్రవం దానంతట అదే కారిపోతుంది. టర్బో ఒత్తిడి గరిష్ఠంలో దాదాపు సగానికి చేరాక పంపు మొదలై, ఒత్తిడితో పాటు పెరగాలి. చిమ్మే మోతాదు పెట్రోలులో 10 నుంచి 20 శాతం మధ్య. నాజిలు పెద్దదైతే మంట ఆరి ఇంజను తడబడుతుంది. ఇంత చేసినా కంప్యూటరులో ఇగ్నిషను టైమింగో టర్బో ఒత్తిడో పెంచితే తప్ప అదనపు శక్తి రాదు. ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది. ద్రవం ఉందని నమ్మి టైమింగు పెంచిన ఇంజనుకు ద్రవం అందకపోతే నిండు వేగంలో కొన్ని సెకన్లే గడువు. ట్యాంకు మట్టం, పంపు ఒత్తిడి చూసి టర్బోను తగ్గించే కాపు లేని కిట్టు బిగించకపోవడమే మంచిది. 1962లో జెట్‌ఫైర్‌కు ఉన్న ఆ కాపు ఈనాటి చవక కిట్టుల్లో లేకపోవడం సిగ్గుచేటు.

ఇక ట్యాంకులో పోసేది. మిథనాల్ విషం. కల్తీ సారా చావుల వెనక తరచుగా ఉండేది ఇదే. 1919 నాటి విష పదార్థాల చట్టం కింద రాష్ట్రాల నిబంధనలకు లోబడే దీని అమ్మకం, నిల్వ సాగాలి. స్పిరిటుకైతే ఎక్సైజు శాఖ అనుమతి కావాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు లేవదీసిన సారా వ్యతిరేక ఉద్యమం, 1995 జనవరిలో ఎన్టీఆర్ తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు చూసిన రాష్ట్రంలో స్పిరిటు క్యాన్లు డిక్కీలో పెట్టుకు తిరిగేవాడికి దారిలో ప్రశ్నలు ఎదురుకాక తప్పదు. ఎక్సైజు సంగతి పక్కన పెట్టినా ఎండ ఉంది. మిథనాల్ 11 డిగ్రీల దగ్గరే అంటుకునే ఆవిరి వదులుతుంది. పులివెందులలో చలికాలం రాత్రి కూడా అంతకన్నా వెచ్చగానే ఉంటుంది. సగం నీళ్లు కలిపినా వేసవిలో ఆ ముప్పు పోదు. దాని మంట పగటి వెలుగులో కంటికి ఆనదు. మిథనాల్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. అల్యూమినియాన్ని తింటుంది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు చెప్పినదానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి ఇది రోడ్డు కారు పని కన్నా పందెపు కారు పని.

ఆల్కహాలు మరో దారిన ప్రతి ట్యాంకులోకీ వచ్చేసింది. 2003లో ఆంధ్రప్రదేశ్ సహా తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతం ఇథనాల్‌తో మొదలైన కలపడం, 2022లో 10 శాతానికి చేరి, 2025కల్లా 20 శాతమైంది. ఇథనాల్ ఆక్టేను పెట్రోలు కన్నా ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు పీల్చే వేడీ ఎక్కువ. నేరుగా సిలిండరులోకి చిమ్మే కొత్త టర్బో ఇంజనులో కిట్టు చేయాల్సిన పనిలో కొంత ఇది ముందే చేస్తోంది. మైలేజీ తగ్గుతుందన్న ఫిర్యాదు నిజమే, ఎందుకంటే లీటరు ఇథనాల్‌లో ఉన్న శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే.

అంతకు మించి చల్లదనం కావాలనుకునే వాళ్లకు 2016లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం-4 జీటీఎస్ ఒక దారి చూపింది. డిక్కీలో అయిదు లీటర్ల ట్యాంకు, అందులో ఉత్త డిస్టిల్డ్ వాటరు, 431 నుంచి 500కు పెరిగిన అశ్వశక్తి. జర్మనీ చలికి నీళ్లు గొట్టాల్లో గడ్డకట్టకుండా, ఇంజను ఆపగానే వెనక్కి ట్యాంకులోకి జారిపోయేటట్టు చేశారు. మిథనాల్ అక్కర్లేదు. కడప జిల్లాలో ఆ జారుడు ఏర్పాటు కూడా అవసరం లేదు. ఇక్కడ ఏ నెలలోనూ నీళ్లు గడ్డకట్టవు. సగం మిథనాల్ అన్న పాళ్లు చలిదేశపు ఆకాశం కోసం పుట్టినవి. ప్రొద్దుటూరు ఎండలో నడిచే కారుకు ఏ దుకాణంలోనైనా దొరికే బ్యాటరీ నీళ్లు చాలు.